కౌలు కార్డు మీద సంతకం పెడితే పొలం పోతుందా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పెళ్లయినప్పటి నుంచి బెంగళూరులోనే ఉంటున్నాం. నాన్న పోయాక మూడెకరాల మాగాణి అమ్మ పేరున ఎక్కింది. అమ్మ ఇప్పుడు నా దగ్గరే, మారతహళ్లిలో ఉంటోంది. నాన్న ఉన్న రోజుల నుంచీ ఒకాయనే ఆ పొలం కౌలుకు చేస్తున్నాడు. నేను బాబాయ్ అని పిలుస్తాను. కాగితం అంటూ ఏదీ లేదు. సార్వా (వానాకాలం) పంటకు ఎకరానికి 18 బస్తాలు కౌలు, రెండో పంట ఆయనది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు కోసిన వరి పనల మీదే తడిసి మొలకలొచ్చింది. ఆ ఏడు సగం కౌలే ఇచ్చాడు, మిగతాది ఇప్పటికీ బాకీ. ఆ తర్వాత అమ్మ ఖాతాలో ప్రభుత్వం నుంచి కొంత డబ్బు పడింది, దేనికో మాకు తెలియదు. ఇప్పుడు కౌలు కార్డు తీసుకోవాలి, అమ్మ సంతకం పెట్టాలి అంటున్నాడు. ఊళ్లో మా వ్యవహారాలు చూసే మావయ్య ‘‘సంతకం పెడితే పొలం మీద ఆశ వదులుకోవాల్సిందే’’ అంటున్నాడు. మా అపార్ట్‌మెంట్‌లో ఒక కన్నడ పెద్దాయన కూడా వాళ్ల తాతగారి భూమి కౌలుదార్లకే పోయిందని చెప్పి మరీ భయపెట్టారు. వేరే ఒకతను ఎకరానికి 24 బస్తాలు ఇస్తానని మావయ్యతో అన్నాడట. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: అమ్మా, మీరు అడిగినదానికి జవాబు ముందే చెప్పేస్తాను. మీ అమ్మగారి చేత సంతకం పెట్టించండి. పొలం ఆయన చేతిలోనే ఉంచండి. ఆ బాకీ సంగతి తేల్చుకునే ముందు, అమ్మ ఖాతాలో పడిన డబ్బు ఎవరిదో తేల్చండి. నా ఉద్యోగమంతా గ్రామీణ బ్యాంకు శాఖల్లో పంట రుణాలు చూడటంలోనే గడిచింది. కౌలు గొడవలకు రెండు వైపులా కూర్చున్నవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మావయ్యగారి భయం దగ్గర మొదలుపెడదాం. ఆయన్ని తప్పుపట్టలేను. ఆయన తరం వాళ్లంతా 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టాన్ని చూసినవాళ్లు. ఆ చట్టం ప్రకారం కౌలు గడువు కనీసం ఆరేళ్లు ఉండేది. కౌలుదారుణ్ణి లేపాలంటే చట్టం చెప్పిన కారణం ఉండాల్సి వచ్చేది, దానికి ఆర్డరు తెచ్చుకోవాల్సి వచ్చేది. పొలం అమ్మదలిస్తే ముందు ఆయనకే చెప్పాలన్న నియమం కూడా అందులో ఉండేది. అందుకే ఊళ్లలో పెద్దలు కౌలు మాట నోటితోనే తప్ప కాగితం మీదికి రానివ్వలేదు. ‘రాసిస్తే పట్టుకుంటాడు’ అన్నది డెల్టా అంతా పాతుకుపోయిన మాట.

అయితే ఆ చట్టం కౌలుదారు అని ఎవరినన్నదో మావయ్యగారు చూసి ఉండరు. రాసుకున్న ఒప్పందమున్నా, రాయకుండా నడుస్తున్న ఒప్పందమున్నా, ఇంకొకరి భూమిని స్వయంగా సాగు చేసేవాడు కౌలుదారే. కాగితం లేనంత మాత్రాన మీ బాబాయ్ కౌలుదారు కాకుండా పోడు. ఊళ్లో పది మందిని అడిగితే పదిమందీ ఆ పొలం ఆయన చేస్తున్నాడనే చెబుతారు. కాగితం లేకపోవడం వల్ల మీకు ఒరిగింది ఏమీ లేదు. ఏ షరతుల మీద చేస్తున్నాడో చెప్పే రుజువు మాత్రం మీ దగ్గర లేకుండా పోయింది.

2019లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారు హక్కుల చట్టం సంగతి వేరు. అంతకుముందు 2011లో వచ్చిన రుణ అర్హత కార్డుల చట్టం స్థానంలో దీన్ని తెచ్చారు. మీ బాబాయ్ అడుగుతున్నది ఈ 2019 చట్టం కింద ఇచ్చే కార్డునే. యజమాని, సాగుదారు కలిసి నిర్ణీత నమూనాలో ఒప్పందం రాసుకుని, గ్రామ సచివాలయంలో వీఆర్వో సమక్షంలో సంతకాలు పెట్టాలి. గడువు 11 నెలలు. ఆ కార్డు వల్ల సాగుదారుకు వచ్చేది పంట మీద హక్కు మాత్రమే. పంట రుణం, పంటల బీమా, పంట నష్టపోతే ఇచ్చే ఇన్‌పుట్ సబ్సిడీ లాంటివన్నమాట. భూమి మీద యజమాని హక్కుకు దీనివల్ల ఏ భంగమూ లేదని చట్టంలోనే రాశారు. 11 నెలలు కాగానే కార్డు దానంతటదే చెల్లిపోతుంది. మళ్లీ కావాలంటే మళ్లీ మీ సంతకమే కావాలి.

‘పన్నెండేళ్లు అనుభవంలో ఉంటే పొలం వాడిదే’ అనే మాట కూడా మీ చెవిన పడే ఉంటుంది. 1963 లిమిటేషన్ చట్టంలో పన్నెండేళ్ల లెక్క నిజమే. అయితే అది యజమాని అనుమతి లేకుండా, యజమాని హక్కును కాదని, బాహాటంగా భూమిని పట్టుకుని కూర్చున్నవాడికి. కౌలు కడుతూ చేస్తున్నవాడు మీ అనుమతితో చేస్తున్నట్టే. కౌలుదారుగా పొలంలో దిగినవాడు ఆ కౌలు నడుస్తుండగా యజమాని హక్కును కాదనడానికి సాక్ష్య చట్టమూ ఒప్పుకోదు. మరి ఆయన మీ అనుమతితోనే ఉన్నాడని రేపు ఎవరికైనా చూపించాల్సి వస్తే ఏం చూపిస్తారు? వీఆర్వో ముందు ఆయన సాగుదారుగా, అమ్మగారు యజమానిగా సంతకాలు చేసిన కాగితం కంటే గట్టి ఆధారం మీకు ఇంకేం దొరుకుతుంది? మావయ్యగారు దేన్ని చూసి భయపడుతున్నారో, మీ భూమికి రక్ష అదే.

మీ అపార్ట్‌మెంట్ పెద్దాయన చెప్పింది అబద్ధం కాదు. కర్ణాటకలో దేవరాజ్ అర్స్ ముఖ్యమంత్రిగా ఉండగా భూసంస్కరణల చట్టాన్ని సవరించారు. 1974 మార్చి 1 నాటికి కౌలుదార్ల సాగులో ఉన్న భూములు ప్రభుత్వానికి దఖలుపడి, దరఖాస్తు పెట్టుకున్న సాగుదార్లకే దక్కాయి. ‘ఉళువవనే హొలదొడెయ’ – దున్నేవాడే పొలానికి దొర – అన్న నినాదం ఆ రోజులదే. అక్కడ అప్పటి నుంచీ కొద్ది మినహాయింపులు తప్పిస్తే వ్యవసాయ భూమి కౌలుకివ్వడమే నిషేధం. కానీ భూమి చట్టం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. మీరు ఉండేది మారతహళ్లి అయినా పొలం ఉన్నది తెనాలి దగ్గర. వాళ్ల తాతగారి భూమికి పట్టిన గతి మీ భూమికి పట్టదు. (కోలారు, మాలూరు వైపు పొలం కొని ఎవరికైనా కౌలుకిద్దామని బెంగళూరులో మనవాళ్లు చాలామంది అనుకుంటుంటారు. వాళ్లు మాత్రం ఈ కథను భయంగానే వినాలి.)

ఇక ఆయన వైపు నుంచి చూద్దాం. కార్డు లేకపోతే ఆయనకు ఏమవుతుందో బెంగళూరు నుంచి కనబడదు. పంట రుణం మూడు లక్షల వరకు 7 శాతం వడ్డీకి దొరుకుతుంది. గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది. అది పట్టా ఉన్నవాళ్లకూ, కార్డు ఉన్నవాళ్లకూ. మీ బాబాయ్ లాంటివాళ్లు దమ్ముకూ, నాట్లకూ, డీఏపీకీ ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటారు. అంటే ఏడాదికి 24 శాతం. లేదా ఎరువుల కొట్లో అరువు రాయించుకుంటారు. అరువిచ్చినవాడు ధాన్యం తనకే పొయ్యాలంటాడు, ధర తనే చెబుతాడు. ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్న ఇద్దరు రైతులు నా టేబుల్ ముందు పక్కపక్కనే కూర్చునేవాళ్లు. ఒకే వరి, ఒకే తెగులు. పాసు పుస్తకం ఉన్నాయన పావుగంటలో డబ్బు తీసుకుని వెళ్లిపోయేవాడు. రెండో ఆయన చేతిలో ఓ ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్ జిరాక్సు, ఎరువుల బిల్లులు, యజమాని ఫోన్ నంబరు రాసిన చీటీ. ఆ నంబరుకు నేను ఫోన్ చేస్తే అవతలి నుంచి ‘మాకేం తెలియదండీ’ అని పెట్టేసేవాళ్లు. ఆయన ఏమీ అనేవాడు కాదు. కవరు మడిచి చొక్కాలో పెట్టుకునేవాడు.

అమ్మడం దగ్గరా ఇదే తంతు. ఈ-క్రాప్‌లో (ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే నమోదులో) సాగుదారుగా ఎవరి పేరుంటే ప్రభుత్వ కొనుగోలు, డబ్బు జమ వాళ్ల పేరు మీదే నడుస్తాయి. పేరు లేని ధాన్యం కళ్లంలోనే దళారి కాటాకెక్కుతుంది. తేమ 17 శాతం దాటిందనీ, రంగు మారిందనీ బస్తాకింత తెగ్గోస్తారు. ప్రాణం మీదికి తెచ్చుకున్న కౌలు రైతు కుటుంబానికి పరిహారం ఇవ్వాల్సి వచ్చినా ముందు అడిగేది కార్డు ఉందా అనే. మీ అమ్మగారి ఒక్క సంతకం విలువ ఆయనింట్లో ఇంత.

ఇప్పుడు అమ్మ ఖాతాలో పడిన డబ్బు. మీ ఉత్తరంలో నన్ను బాగా కలవరపెట్టింది ఈ ఒక్క వాక్యమే. తుపాను తర్వాత పడింది కాబట్టి అది పంట నష్టానికి ఇచ్చిన ఇన్‌పుట్ సబ్సిడీ అయి ఉండే అవకాశమే ఎక్కువ. ఆ ఏడు ఈ-క్రాప్‌లో సాగుదారుగా అమ్మగారి పేరు రాయించి ఉంటే డబ్బు నేరుగా ఆవిడ ఖాతాకే వస్తుంది. బ్యాంకుకు వెళ్లి 2024 తొలి నెలల నుంచి స్టేట్‌మెంట్ తీయించండి, ఏ పద్దు కింద పడిందో చూడండి. పీఎం కిసాన్ వాయిదాలు రెండేసి వేల చొప్పున విడిగా కనిపిస్తాయి, వాటిని పక్కన పెట్టండి. తక్కినది పంట నష్టం తాలూకు అయితే అది మీ బాబాయ్‌ది. విత్తనం ఆయనది, ఎరువు ఆయనది, కోత కూలీ ఆయనది. తడిసి మొలకెత్తింది ఆయన కష్టం. ఆ డబ్బు ఆయన పేరు చెప్పి వచ్చి మీ ఇంట్లో ఆగింది. ఇందులో మీ తప్పేమీ లేదు, మీకు తెలియలేదు. తెలిశాక మాత్రం ఉంచుకోకూడదు.

ఆయన బాకీ ఎకరానికి తొమ్మిది చొప్పున మూడెకరాలకు 27 బస్తాలు. నన్నడిగితే ఆ బాకీ కొట్టేయండి, సబ్సిడీ డబ్బు కూడా ఆయనకు ఇచ్చేయండి. పనల మీద మొలకలొచ్చిన ఏడు ఆయన తొమ్మిదేసి బస్తాలు ఇచ్చాడంటే ఎక్కడి నుంచి తెచ్చి ఇచ్చాడో ఆలోచించండి. అంత చేయలేమనుకుంటే, కనీసం ఆ డబ్బును బాకీలో చెల్లు వేసి, మిగిలిన దాన్ని మాఫీ చేయండి. ‘అది వేరు, ఇది వేరు’ అని మాత్రం అనొద్దు.

24 బస్తాల మనిషి గురించి లెక్క వేసి చూద్దాం. 2025-26కు సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలు 2,369 రూపాయలు. డెబ్బై అయిదు కిలోల బస్తా అంటే 1,777 రూపాయలు. మంచి ఏడు మీ పొలంలో ఎకరానికి 32 బస్తాలు పండాయనుకుందాం. 18 మీకు కొలిస్తే ఆయనకు మిగిలేవి 14, అంటే 25,000 రూపాయల లోపు. దమ్ము, నారు, నాట్లు, కలుపు, ఎరువులు, మందులు, కోత మిషన్, రవాణా – ఇవన్నీ ఆ పాతిక వేలలో తేలతాయా? తేలవు. సార్వా మీద ఆయనకు మిగిలేది ఏమీ ఉండదు. రెండో పంట మినుమో మొక్కజొన్నో చేతికొస్తేనే ఆ ఇల్లు గడుస్తుంది. 18 బస్తాలే ఎక్కువ. 24 అయితే మిగిలేవి ఎనిమిది బస్తాలు, 14,000 చిల్లర. దాంతో ఎవరూ వరి పండించలేరు. ఇస్తానన్నవాడు మొదటి ఏడు ఇస్తాడేమో, రెండో ఏడు ఎగ్గొడతాడు, లేదంటే ఒక్క పంటకే పొలాన్ని పిండుకుని వెళ్లిపోతాడు. బోదెలు తీయడు, గట్లు వేయడు. ఎకరానికి ఆరు చొప్పున మీకు అదనంగా వచ్చేది 18 బస్తాలు, అంటే ఏడాదికి 32,000. మారతహళ్లిలో ఒక నెల ఇంటద్దె. దానికోసం నాన్నగారి నాటి మనిషిని మార్చుకోవద్దు. నిజానికి ఈ ఏడు ఒకటి రెండు బస్తాలు తగ్గించమని కూడా చెబుతాను, అది మీ ఇష్టం.

ఒప్పందం ప్రభుత్వ నమూనాలో ఉంటుంది. దానికి తోడు మీరూ ఆయనా విడిగా ఒక తెల్లకాగితం మీద కొన్ని సంగతులు రాసుకోండి. సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు ఎలాగూ ఉండాలి. గొడవ వచ్చేది వాటి దగ్గర కాదు. బస్తాల లెక్కన కౌలు మాట్లాడుకుని డబ్బు తీసుకుంటున్నప్పుడు ఏ రోజు ధర కడతారన్న దగ్గర వస్తుంది. మద్దతు ధరే కడతామని రాసేయండి. నీటి తీరువా ఎవరిదో, గడ్డి ఎవరిదో, గట్టు మీద తాటిచెట్ల కాయ ఎవరిదో కూడా రాయండి. చిన్నవే, కానీ ఊళ్లో మాటలు పెరిగేది ఇలాంటి వాటి దగ్గరే. డబ్బు చేతికివ్వకుండా అమ్మ ఖాతాకు ఫోన్‌పే చేయమనండి, అదే రసీదు.

అన్నిటికంటే ముఖ్యం, తుపాను ఏడు ఏం చేయాలో ముందే రాసుకోవాలి. కృష్ణా పశ్చిమ డెల్టాలో వరి కోతల వేళకూ బంగాళాఖాతంలో తుపాన్ల వేళకూ ముడిపడి ఉంటుంది. ఇది ఎప్పుడో ఒకసారి వచ్చే ఆపద కాదు. ప్రభుత్వం నష్టం 33 శాతమో అంతకుమించో ఉంటేనే ఇన్‌పుట్ సబ్సిడీకి లెక్క రాస్తుంది. మీరు కూడా అదే గీత పెట్టుకోండి. అధికారులు రాసిన నష్టం ఎంత శాతమైతే కౌలులో అంత శాతం తగ్గాలి, సబ్సిడీ, బీమా సాగుదారువి. ఈ రెండు వాక్యాలు రాసి ఉంటే 2023 నుంచి మీ రెండిళ్ల మధ్య ఈ మౌనం ఉండేది కాదు.

ఒక సంగతి మీరు ఉత్తరంలో రాయలేదు. అమ్మగారి పాసు పుస్తకం మీద పంట రుణం ఏమైనా ఉందా? ఊళ్లో వ్యవహారాలు చూసేవాళ్లు బంగారం పెట్టి, పాసు పుస్తకం చూపించి తక్కువ వడ్డీ రుణం తీసుకోవడం చాలా ఇళ్లలో మామూలే. అదే పొలం మీద, అదే పంటకు బ్యాంకు రెండోసారి ఇవ్వదు. అలాంటిది ఉంటే కార్డు వచ్చినా మీ బాబాయ్ బ్యాంకు నుంచి ఉత్త చేతులతోనే వస్తాడు. మావయ్యగారిని సూటిగా అడగండి. ఉంటే తీర్చేయండి. వెంటనే తీర్చలేకపోతే ఆ మాట బాబాయ్‌తో ముందే చెప్పండి. ఆయనలాంటి నలుగురు కలిసి జాయింట్ లయబిలిటీ గ్రూపుగా (అప్పుకు ఒకరికొకరు పూచీ పడే బృందంగా) ఏర్పడితే పొలం తనఖా లేకుండా రుణం అడిగే దారి ఉంది, అది చూసుకుంటాడు.

పీఎం కిసాన్ గురించి కంగారు వద్దు. అది భూయజమానికి వచ్చేది, అమ్మగారు అర్హులైతే కార్డు వల్ల ఆగదు. కౌలు రాబడి ఆదాయపు పన్ను లెక్కలో వ్యవసాయ ఆదాయమే. అమ్మగారు రిటర్ను వేస్తుంటే అందులో చూపించాలి, 5,000 దాటితే ఒకటో నంబరు ఫారం పనికిరాదు. మీ ఆడిటరుకు ఈ ముక్క చెబితే చాలు.

మావయ్యగారిని పక్కకు నెట్టి చేయొద్దు. రేపు కాలవ నీళ్లు రాకపోయినా, గట్టు తెగినా ముందు వెళ్లేది ఆయనే. ‘అమ్మ నిర్ణయించింది మావయ్యా, కాగితం నువ్వే చదివి చూడు, సాక్షి సంతకం నువ్వే పెట్టాలి’ అనండి. కార్డు మీద 11 నెలలు అన్న అంకె, యజమాని పేరు దగ్గర తన అక్కయ్య పేరు కళ్లారా చూస్తే ఆయన సగం మెత్తబడతారు.

ఫోన్ల మీద ఇది తేలదు. సార్వాకు నారు పోసేలోపే, ఈ-క్రాప్ నమోదు మొదలవ్వకముందే వెళ్లండి. ఆదివారం సచివాలయం పని జరగదు కాబట్టి ఒక పనిరోజు చూసుకుని సెలవు పెట్టుకోండి. వీఆర్వో ఆ రోజు ఊళ్లో ఉంటాడో లేదో బాబాయ్‌ని ముందుగా కనుక్కోమనండి. అమ్మగారి ఆధార్, పాసు పుస్తకం, ఆ బ్యాంకు స్టేట్‌మెంట్ పట్టుకెళ్లండి. సంతకాలయ్యాక పక్కనే ఉన్న రైతు సేవా కేంద్రానికి కూడా వెళ్లి, ఈసారి ఈ-క్రాప్‌లో సాగుదారుగా ఆయన పేరే రాయాలని మీ ఎదుటే చెప్పించండి.